పదిహేడో బొమ్మ

నెరిమాలో మా స్టూడియో వెనక ముల్లంగి చేను.
కిటికీ తీస్తే మట్టి వాసన, మూస్తే రబ్బరు పొడి వాసన.
నేను గీసేది మధ్య బొమ్మలు.
చెయ్యి ఎత్తకముందు ఒకరు గీస్తారు, ఎత్తాక ఒకరు,
ఎత్తుతూ ఉండడం నా వంతు.
చివరి పేర్లలో ఒకుయామా అని మూడు సెకన్లుంటాను.

ఇతోహా పదమూడేళ్ళ మంత్రాల పిల్ల.
తొమ్మిదేళ్ళుగా పదమూడే.
ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి
రిబ్బన్లు చుట్టుకుని గాల్లోకి లేచి
నలభై సెకన్లలో వెలుగైపోతుంది.
ఆమె దండానికి బలం చూసేవాళ్ళ కోరికలోంచి వస్తుందని
కథలోనే రాశారు.
ఎంతమంది కోరుకుంటే అంత వెలుగు.
ఎంత వెలుగో అంత తక్కువ నిద్ర. అది మాత్రం రాయలేదు.

ఆ రాత్రి రెండూ నలభై.
ఉప్పుచేప పెట్టిన అన్నపుముద్ద సగం తిని
పదిహేడో బొమ్మ గీశాను.
రెప్పలు వెంట్రుకవాసి కిందికి దిగాయి.
నావో ఇతోహావో, ఇప్పటికీ చెప్పలేను.

తెర మీద అది సెకనులో పన్నెండో వంతు.
కళ్ళల్లో వత్తులేసుకుని చూసేవాళ్ళు
సరిగ్గా అక్కడే ఆపారు.
పెద్దది చేశారు, ఎర్రగీత చుట్టారు,
"ఇది మా ఇతోహా కాదు" అన్నారు,
గీసిన చెయ్యి ఎవరిదో బయటపెట్టమన్నారు.
కంటికి రెప్పలా చూసుకుంటామన్నవాళ్ళే
రెప్ప వాలితే ఓర్చుకోలేకపోయారు.
దర్శకుడు నడుము వంచి క్షమాపణ చెప్పాడు.
డిస్కులో ఆ కళ్ళు మళ్ళీ తెరిపించాం.

ఇరవై మూడో భాగంలో మా రచయిత్రి
రాక్షసుణ్ణి తీసేసి అద్దాన్ని పెట్టింది.
అద్దానికి కోరల్లేవు, కోపం లేదు,
పాకంలాంటి గొంతు:
"నిన్ను ప్రేమించాం గదా, మొదటిరోజులాగే ఉండు.
పొడుగవకు. ఇంకెవర్నీ చూడకు. అలిసిపోకు."
ఇతోహా దండం పక్కన పెట్టి
కటిక నేల మీద చతికిలబడింది.
చూసినవాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు.
అద్దం బొమ్మతో కీచైన్లు కావాలన్నారు.
అమ్మాం.

ఆ మంగళవారమే
ఇతోహాకి గొంతిచ్చే మినెగిషి గారు
పెళ్ళి చేసుకున్నానని చేత్తో రాసి తెలియజేసింది.
సాయంత్రానికి విరిచిన డిస్కుల ఫోటోలు.
"నా తొమ్మిదేళ్ళు తిరిగివ్వు" అని ఒకడు.
"మొదటిరోజులాగే ఉండు" అని
అక్షరం పొల్లుపోకుండా ఇంకొకడు.
వాడికి మాట గుర్తుంది,
అన్నదెవరో గుర్తులేదు.

నవ్వొచ్చింది. కాసేపే.
నీగతాలో, నా తొమ్మిదో ఏట,
నేనూ ఒక ఉత్తరం రాశాను.
మోకాలి లోతు మంచులో నడిచి ఎర్రడబ్బాలో వేశాను:
"దయచేసి ఆ అక్క జుట్టు కత్తిరించకండి.
కత్తిరిస్తే ఇక చూడను."
అక్కడ గీస్తున్నదెవరో, అన్నం తిన్నదో లేదో
నాకు తోచనే లేదు.
అక్క జుట్టు అలాగే ఉంది.
గెలిచానని బడంతా చెప్పుకు తిరిగాను.

నిన్న రాత్రి సెయిబు రైల్లో
నా ఎదుట ఒక పెద్దమనిషి,
లిఫ్టులు బాగుచేసే కంపెనీ చొక్కా,
సంచీకి చేపపొలుసుల్లా ఇతోహా బిళ్ళలు, అరవై పైమాటే.
ఒక్కటి మాత్రం కొన్నది కాదు.
అట్టముక్కకి అంటించి, ప్లాస్టిక్ తొడిగి, పిన్ను గుచ్చిన
పదిహేడో బొమ్మ.
నా చూపు పసిగట్టి అరచేత్తో కప్పబోయి, ఆగి,
"ఈమెకి నిద్రొస్తోందండీ" అన్నాడు,
తన తప్పేదో ఒప్పుకుంటున్నట్టు.

నేనెవరో చెప్పలేదు.

షాకుజీ దాటాక అతని తల వాలింది.
రెండు చేతులూ సంచీ మీదే.
ఆ రెప్పలు దిగుతూ ఉండడాన్ని
ఒక్కో బొమ్మగా లెక్కపెట్టాను.
పదహారు దాకా వచ్చేసరికి
నా స్టేషను.